మా సాయంకాలాన్ని సాక్ష్యానికి పిలవకండి

వేసవిలో పొద్దుగుంకే వేళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి ఒకసారి చూడండి. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టలు గదుల్లో ఫ్యాన్లు, నగల దుకాణాల దీపాలు, ఎల్బీనగర్ దాకా ఇంటింటి ఏసీలు అన్నీ ఒక్కసారిగా మేలుకొంటాయి. సరిగ్గా అదే గడియలో సూర్యుడు సెలవు తీసుకుంటాడు. సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ ఈ సంధివేళే అసలు సమస్య అవుతోంది.

ఈ సంధ్యను చూపించి, "అందుకే అణువిద్యుత్తు" అనే వాదం తరచు వింటున్నాను. వెంటనే వచ్చే పేరు శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ. అక్కడ తలపెట్టినవి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు. అంటే మన రాత్రుల కోసం అక్కడి మత్స్యకారులు ఊరు విడవాలన్నమాట!

నేను అణువిద్యుత్తుకు విరోధిని కాను. మా నాగోలు, ఉప్పల్ దాటి కొంతదూరం పోతే 1971లో నెలకొల్పిన అణు ఇంధన సంస్థ ఉంది. మన భారజల రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది అక్కడే. దాన్ని ఇరుగుపొరుగుగా భరిస్తున్నవాళ్ళమే మేము. ముసురు పట్టిన వారాల్లో బొగ్గుపొగ లేకుండా నిలకడగా నడిచే కేంద్రం విలువ కాదనలేనిది.

కానీ నిలకడ వేరు, సాయంకాలం వేరు. అణుకేంద్రానికి ఖర్చంతా కట్టడంలోనే ఉంది. ఇంధనం పాలు స్వల్పం. కాబట్టి ఏడాది పొడుగునా నిండుగా నడిస్తేనే గిట్టుబాటు. మధ్యాహ్నం తగ్గించి సాయంత్రం పెంచడం అసాధ్యం కాదు. ఉత్పత్తిని అవసరాన్నిబట్టి ఫ్రాన్సులో హెచ్చుతగ్గులు చేస్తూనే ఉన్నారు. అయితే తగ్గించిన గంటలో కూడా అప్పు మీద వడ్డీ ఆగదు. ఆ అప్పు ఎంతటిదో అమెరికాలోని వోగ్టల్ చెబుతుంది. కొవ్వాడకు అనుకున్న నమూనాలోనే అక్కడ కట్టిన రెండు రియాక్టర్లు ఏడేళ్ళ ఆలస్యంతో 2023, 2024లలో నడకకు వచ్చాయి. ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది.

సాయంకాలానికి కావలసింది పగటిని దాచుకునే పాత్ర. అది మనకు కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. ఒకవైపు తిరిగితే విద్యుత్తు, రెండోవైపు తిరిగితే కిందకు పోయిన నీరు మళ్ళీ జలాశయంలోకి. నాగార్జునసాగర్‌లోనూ అటువంటివి ఏడు. కావలసినవి రెండే: కృష్ణలో నీరు, రెండు తెలుగు రాష్ట్రాల మధ్య సయోధ్య. మొదటిది దైవాధీనం. రెండవది కూడా దైవాధీనమేనా?

అణువుకు దాని చోటు దానికి ఇద్దాం, అఖండదీపంలా. కొవ్వాడ కావాలనేవారు అది నిలకడ కోసమని చెప్పండి, దాని అసలు ధర చెప్పండి, ఊరు విడిచేవారికి ఏమిస్తారో చెప్పండి. అప్పుడు వాదించుకుందాం. అంతేగాని, మా ఎల్బీనగర్ ఏసీలను సాక్ష్యానికి పిలవకండి. అవి మీ పక్షాన సాక్ష్యం చెప్పవు.