శిష్యరికమునకు సెమిస్టర్లు



మా విజయనగరములోను, చుట్టుపట్ల ఊళ్లలోను కొన్ని క్రైస్తవ సంఘములు ‘శిష్యత్వ శిక్షణ’ అను పేర పెద్దలకు తరగతులు నడుపుచున్నవి. ఇది పిల్లల ఆదివారపు బడి కాదు. పగలు పొలములో, మిల్లులో, దుకాణములో పనిచేసి వచ్చినవారు రాత్రి ఏడు దాటిన తరువాత కూర్చుండి చదువుకొను చదువు. దీనికి సెమిస్టర్లు, క్రెడిట్లు, పాఠ్యప్రణాళిక, హాజరుపట్టీ, పరీక్షలు కలవు. చివరన నల్లగౌను, చదరపు టోపీ, చుట్టచుట్టిన పట్టా కూడ కలవు. అంతయు విశ్వవిద్యాలయపు ఫక్కి. పూర్వము నా వద్ద తెలుగు చదువుకొని నేడు అట్టి సంఘమొకదానికి పెద్దయైన శిష్యుడొకడు ఆ పాఠముల పుస్తకము తెచ్చి, “మేష్టారూ, ఇందులో తెలుగు కాస్త సరిచూసి పెట్టండి” అని అడిగినాడు. నేను ఆ మతమువాడను కాను. అయినను తెలుగు పుస్తకమును కాదనుట తెలుగు పండితునకు తగదు. ఆద్యంతము చదివితిని. చదివిన పిమ్మట కలిగిన అభిప్రాయమే ఈ టపా.

ముందుగా మాటలను విచారింతము. మా వృత్తిలో అది అలవాటు.

శిష్యుడనగా శాసింపదగినవాడు, అనగా బోధింపదగినవాడు. శిక్షణము, శాస్త్రము, శిష్యుడు అను మూడు మాటలును మన చెవికి ఒక కుటుంబమువలెనే తోచును గాని, శాస్త్రమును శిష్యుడును ‘శాస్’ ధాతువునుండి వచ్చినవి. శిక్షణము ‘శిక్ష్’ ధాతువునుండి వచ్చినది, దానికి అభ్యసించుట అని అర్థము. క్రైస్తవుల గ్రంథములో శిష్యుడని అనువదింపబడిన గ్రీకు మాట ‘మథేతేస్’. దానికిని నేర్చుకొనువాడనియే అర్థము. కావున శిష్యత్వమునకు చదువు జోడించుట క్రొత్త వింత కాదు, ఆ మాటలోనే అది ఇమిడియున్నది.

ఇక విశ్వవిద్యాలయము. ఈ తెలుగుమాట వినగానే మన కన్నులకు కట్టునది ఆలయము, అనగా భవనము. మూలమైన లాటిన్ మాట ‘యూనివర్సిటాస్’లో భవనము లేదు. మధ్యయుగమున ఐరోపాలో ఒక వృత్తివారందరు కలిసి ఏర్పరచుకొనిన కూటమికి ఆ పేరు. బొలోన్యాలో విద్యార్థుల కూటమి, పారిస్‌లో గురువుల కూటమి ఆ పేరుతో వెలసినవి. అనగా విశ్వవిద్యాలయమునకు సరియైన తెనుగు ‘సంఘము’. క్రైస్తవులు తమ సమాజమునకు పెట్టుకొనిన పేరును అదియే. ఒక సంఘము మరియొక సంఘమును చూచి చదువు నేర్చుకొనదలచుట అసహజము కాదు. ఏది నేర్చుకొనవలెను, ఏది విడువవలెను అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్న మన తీరమునకు పాతది. 1805లో లండన్ మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నమునకు వచ్చిరి. వారు చేసిన మొదటి పనులలో ఒకటి తెలుగు నేర్చుకొనుట. ఆనందరాయరను తెలుగు బ్రాహ్మణుడు క్రైస్తవుడై వారి అనువాదమునకు తోడ్పడెను. 1810లో డెగ్రాంజ్ మరణించెను. వారు తెలిగించిన సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. అనగా ఆ బోధ ఇక్కడ కాలు మోపిన నాటినుండియు తెలుగు చదువుతోనే ముడిపడియున్నది.

ఆ శ్రీరాంపురముననే 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు కళాశాల స్థాపించిరి. ఆ ఊరు అప్పుడు డెన్మార్కు రాజు ఏలుబడిలో నుండెను. 1827లో ఆ రాజు పట్టములిచ్చు అధికారమును సనదు ద్వారా ఆ కళాశాలకు దయచేసెను. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములు పుట్టుటకు ముప్పది యేండ్ల ముందుమాట ఇది. 1918 నాటి చట్టముచే ఆ అధికారము మరల స్థిరపడినది. నేటికిని మన దేశమున అనేక వేదాంత కళాశాలలు శ్రీరాంపురపు సెనేటు పట్టములకే విద్యార్థులను సిద్ధపరచుచున్నవి. 1964లో రాజమహేంద్రవరమున పలు సంఘములు ఏకమై స్థాపించి, 1973లో హైదరాబాదునకు తరలించిన ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాలయు అట్టిదే.

మన ఉత్తరాంధ్రమున ఎక్కువగా పనిచేసినవారు కెనడా బాప్తిస్టులు. వారు 1882లో సామర్లకోటలో బోధకుల పాఠశాల తెరచిరి. బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో వారి సంఘములు నేటికిని కలవు. అయితే సామర్లకోటయైనను, శ్రీరాంపురమైనను కావలసినది ఇల్లు విడిచి వచ్చి చదువగలవాడు. పల్లెలో సంఘమును నిజముగా మోయువాడు ఇల్లు విడువలేడు. వానికి రెండెకరముల మడియో, మగ్గమో, ముగ్గురు పిల్లలో ఉందురు.

ఈ చిక్కును విప్పుటకే 1963లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఒక ప్రయత్నము మొదలైనది. రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమరీ, రాస్ కిన్స్లర్ అనువారు విద్యార్థిని కళాశాలకు రప్పించుట మాని, కళాశాలనే విద్యార్థి యున్న చోటికి పంపిరి. విద్యార్థి ఇంట పుస్తకము చదువుకొనును. తన ఊరి సంఘములో పనిచేయును. వారమున కొకసారి తోటివారితో, బోధకునితో కూర్చుండి చర్చించును. ఇదే పద్ధతి మన దేశమున 1971లో టాఫ్టీ అను సంస్థగా బెంగుళూరులో రూపుదాల్చెను. బ్రిటను దేశపు ఓపెన్ యూనివర్సిటీ తన మొదటి విద్యార్థులకు పాఠములు మొదలుపెట్టినదియు ఆ 1971లోనే. హైదరాబాదున మన సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో గాని రాలేదు. ఇంట కూర్చుండి పెద్ద చదువు చదువవచ్చునను మాటను క్రైస్తవ సంఘములు ఇంత ముందుగా పట్టుకొనుట మెచ్చుకొనదగిన విషయము.

పొందూరు చేనేతను చూచినవారికి ఈ పద్ధతి సులభముగా తెలియును. ఇంటి చదువు పడుగు, ఊరిలో చేయు పని పేక. వారమున కొకసారి కూర్చుండు కూటము మగ్గము. మగ్గము లేనిచో పడుగును పేకయు రెండు దారపు చిక్కులే.

నా శిష్యుడు తెచ్చిన పుస్తకములో ఆ మగ్గమే కనబడలేదు. పాఠము ఉన్నది, దాని వెనుక ఖాళీలు పూరింపుడను అభ్యాసము ఉన్నది, మార్కులున్నవి. చదువరి తన ప్రశ్న వ్రాసికొనుటకు ఒక్క గీతయైనను లేదు. విశ్వవిద్యాలయమునుండి టోపీ తెచ్చుకొని ప్రశ్నను అక్కడనే విడిచివచ్చినట్లయినది.

సంస్కృతమున విద్యార్థికి ‘ఛాత్రుడు’ అనియు పేరు కలదు. గురువు దోషములను ఛత్రమువలె కప్పువాడని వైయాకరణుల వ్యుత్పత్తి. పిల్లలకు మర్యాద నేర్పుటకు ఆ మాట బాగుగానే యుండును. కాని ఒక సమాజమునకు రేపటి పెద్దలను తయారుచేయుచు గొడుగులను మాత్రమే తయారుచేసిన ప్రమాదము. అయ్యగారు చెప్పినదానిని తిరిగి అప్పగించువాడు ఛాత్రుడే గాని శిష్యుడు కాడు. గీతలో సైతము గురువు నాశ్రయించు విధము చెప్పినచోట నమస్కారము, సేవలతోపాటు ప్రశ్నించుటను గూడ చెప్పినారు. విశ్వవిద్యాలయమునుండి తెచ్చుకొనదగిన మొదటి వస్తువు ఈ ప్రశ్నాధికారమే.

రెండవది పరీక్ష. మా పూర్వపండితులలో శలాకపరీక్ష యని యొకటి యుండెడిది. తాటియాకుల గ్రంథములో ఒక పుల్లను గ్రుచ్చుదురు. అది ఏ పత్రమున నిలిచిన ఆ పత్రమును విద్యార్థి అప్పటికప్పుడు చదివి, అన్వయించి, అర్థము చెప్పవలెను. ఖాళీలు పూరించుట అక్కడ చెల్లదు. ఒక రైతుకూలి స్త్రీ తన చేతిలోని గ్రంథమున ఏ పుట తెరచినను తడబడక చదివి, తన యింటి మాటలలో అర్థము చెప్పగలిగిన నాడు ఆమె ఉత్తీర్ణురాలు. దానికి క్రెడిట్లు లెక్కింప నక్కరలేదు.

మూడవది భాష. నన్ను ఎక్కువగా బాధించినది ఇదియే. ఆ పుస్తకము ఆంగ్లమున ఆలోచించి తెలుగు లిపిలో అచ్చువేసినట్లున్నది. “మీ దైనందిన జీవితమునందు ఈ సత్యము యొక్క అన్వయింపు ఏమైయున్నది?” అని ఒక ప్రశ్న. జూట్ మిల్లునుండి అలసి వచ్చినవాడు దీనిని చదివి తాను తెలివితక్కువవాడనని తలచును, తప్పు వాక్యముది యని తలపడు. “ఈ మాట విన్న తరువాత రేపు సంతలో మీ తూకము ఎట్లుండును?” అని అడిగిన వాడు తప్పక జవాబు చెప్పును. జవాబు చెప్పుటకు కొంచెము జంకును కూడ. ఆ జంకే చదువు.

తెలుగు క్రైస్తవులకు మంచి తెలుగు కరవై యిట్లు జరుగుట లేదు. పురుషోత్తమ చౌధురి (1803–1890) పర్లాకిమిడి, శ్రీకాకుళము ప్రాంతములలో తిరిగిన కవి. 1833లో బాప్తిస్మము పొందెను. అతని కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నేటికిని ఉన్నవి, ఆరాధనలలో పాడబడుచున్నవి. సంస్కృతాంధ్రములు తెలిసిన చేయి వ్రాసినదని ఆ రచన చూచినవారికి వెంటనే తోచును. అక్షరము రాని ముసలమ్మలు అతని పదములను కంఠస్థము చేసి, అర్థము చెడకుండ పాడుట నేను విన్నాను. ఆ కీర్తనలలో ఒక్కొక్కదానిని ఒక్కొక్క వారము పాఠముగా పెట్టుకొనిన భాషయు, భావమును, ఛందస్సును, తమ ప్రాంతపు చరిత్రయు ఒక్కచోట లభించును. ఇంటి పెరటిలో బావి యుండగా పొరుగూరినుండి కుళాయినీరు కొనితెచ్చుకొనుట ఎందులకు?

ఇక పట్టా విషయము. ఇక్కడ మాట జాగ్రత్తగా చెప్పవలెను. గౌను వేసికొని ఫొటో దిగిన పెద్దమనిషిని చూచి నవ్వువారితో నేను చేరను. మన గురుకులముల గుమ్మము వారి తాతముత్తాతలకు తెరచియుండలేదు. అక్షరము చెప్పినవారెవరో, చెప్పనివారెవరో చరిత్ర యెరుగును. మూడు తరములు బడి గడప తొక్కని కుటుంబమున ఒక అమ్మ యాభైయవ యేట పట్టా చేతబట్టి నిలుచుట చిన్న విషయము కాదు. ఆ నిమిషమునకు గౌరవము చెల్లవలసినదే.

అయితే ఆ గౌరవము నకిలీ కారాదు. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టము ప్రకారము పట్టము లిచ్చు అధికారము చట్టబద్ధమైన విశ్వవిద్యాలయములకు, అట్టి అధికారము పొందిన సంస్థలకు మాత్రమే కలదు. ‘విశ్వవిద్యాలయము’ అను పేరు పెట్టుకొనుటకును చట్టపు అనుమతి కావలెను. ఒక యువకుడు అట్టి తరగతులలో మూడేండ్లు చదివి, రుసుము కట్టి, చేతికి వచ్చిన కాగితమును నాకు చూపి, “దీంతో ఉద్యోగానికి పెట్టుకోవచ్చా మేష్టారూ?” అని అడిగినాడు. వానికి ఏమని చెప్పుదును? చదివిన చదువు వృథా కాదు గాని ఆ కాగితము ఉద్యోగమునకు చెల్లదని చెప్పవలసివచ్చినది. ఆ మాట చేరిన దినముననే, రుసుము కట్టకముందే, వానికి పెద్ద అక్షరములలో తెలుపవలసియుండెను. సత్యము బోధించు తరగతి తన గోడమీది ప్రకటనతోనే సత్యము మొదలుపెట్టవలెను.

పట్టములవలన కలుగు మరియొక చిక్కు మా పండితులకు స్వానుభవమే. భాషాప్రవీణలు, విద్వాన్‌లు బి.ఏ.ల ప్రక్కన రెండవ పంక్తిలో కూర్చుండిన కాలము మేము ఎరుగుదుము. ఎంత చదివితివని కాక ఏ కాగితమున్నదని అడుగు లోకమది. సంఘములో సైతము గౌనువారు, గౌను లేనివారు అని రెండు పంక్తులు ఏర్పడిన, అక్షరము రాకయే నలుబదియేండ్లు రోగుల మంచముల ప్రక్కన ప్రార్థన చేసిన ముసలివాడు ఏ పంక్తిలో కూర్చుండవలెను? ప్రతి సంఘపు పెద్దయు గౌను కుట్టించుటకు ముందు ఈ ప్రశ్నకు జవాబు వెదకవలెను.

నా శిష్యునకు నేను చెప్పినది ఇంతే. వాక్యములు దిద్ది యిచ్చెదను గాని దిద్దుబాటుతో తీరు జబ్బు కాదిది. పాఠములు తెలుగున ఆలోచించి మరల వ్రాసికొనుడు. ప్రతి పాఠము చివర చదువరి ప్రశ్నకు అరపుట విడువుడు. తరగతి గదిలో ఒక బీరువా పెట్టి అందులో శబ్దరత్నాకరమును, బ్రౌను నిఘంటువును, కీర్తనల పుస్తకమును ఉంచుడు. చివరి పరీక్షకు పుల్ల గ్రుచ్చుడు. పట్టా ఈయదలచిన, అది మీ సంఘము ఇచ్చిన మెప్పుపత్రమని, ఉద్యోగపు అర్హత కాదని దానిమీదనే వ్రాయుడు. ఆ మీదట గౌను వేసికొనుట, మానుట మీ యిష్టము.

“అంతా మళ్లీ రాయాలంటే రెండేళ్లు పడుతుంది మేష్టారూ” అన్నాడు. పట్టనిమ్మంటిని. డెగ్రాంజ్ తెలుగు నేర్చి వ్రాయుటకు ఐదేండ్లు పట్టినది, వీనికి తెలుగు పుట్టుకతోనే వచ్చినది. మొదటి పాఠము వచ్చే నెల తెచ్చెదనని వెళ్లినాడు.

ఈ విషయమున మీలో అనుభవము గలవారు, అట్టి తరగతులలో చదివినవారు, చెప్పినవారు తమ అభిప్రాయములను వ్యాఖ్యలుగా వ్రాయగోరుచున్నాను. మతమును గూర్చిన వాదమునకు ఇది చోటు కాదు. చదువును గూర్చియైన ఎంత ఘాటుగా వ్రాసినను సంతోషమే.

స్వస్తి.