తల్లికి మనోవ్యాధి వస్తే బిడ్డను చూచేదెవరు?

“ఈ జబ్బు పిల్లలకు రాకుండా ముందుగానే ఏదైనా ఆకు గాని, లేహ్యం గాని చెప్పండి.” మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల నుండి నా వద్దకు వచ్చే అవ్వలు, పిన్నమ్మలు చాలకాలంగా అడుగుతున్న మాట ఇది. కూతురికో, కోడలికో, కొడుకుకో మతి చలించింది. మందులు నడుస్తున్నాయి. ఇంట్లో ఇద్దరో ముగ్గురో పిల్లలున్నారు. వారికి పరగడుపున సరస్వతి ఆకు నమిలిస్తే, రాత్రి పాలతో సరస్వతీ లేహ్యం ఇస్తే కన్నవారి వ్యాధి అంటకుండా ఉంటుందేమోనని వారి ఆశ.

ఉండదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. సరస్వతి ఆకు మంచిదే. మేధ్య ద్రవ్యాలలో శాస్త్రం దానికి గౌరవస్థానం ఇచ్చింది. కాని వంశంలో ఉన్న మనోవ్యాధిని బిడ్డకు రాకుండా అడ్డుకొనగల ఆకు గాని, వేరు గాని, మాత్ర గాని ఇంతవరకు ఏ వైద్యవిధానంలోనూ లేదు. ఆ పిల్లలకు కావలసిన ఔషధం వేరే ఉన్నది. ఖర్చు లేనిది, కాని మన ఇళ్ళలో దుర్లభమైనది. తమతో నిజం చెప్పి, తమ మాట వినే ఒక పెద్ద మనిషి.

భయం సంగతి ముందుగా తేల్చుకుందాం. సామాన్య జనంలో నూటికి సుమారు ఒకరికి వచ్చే స్కిజోఫ్రెనియా, తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నపుడు వారి బిడ్డలలో నూటికి సుమారు పదిమందికి రావచ్చునని వైద్యుల అంచనా. పదిరెట్లు అనగానే గుండె గుభేలుమంటుంది. కాని అదే లెక్క ప్రకారం తొంభై మందికి రాదు. మేనరికాలు ఎక్కువైన మన ప్రాంతంలో ఇరువైపులా ఇదే వ్యాధి ఉన్నట్లయితే ఆ విషయం వైద్యునితో ప్రత్యేకంగా మాట్లాడుకొనవలెను. మిగిలినవారు రాబోయే వ్యాధిని గురించి కలతపడేకన్నా, ఇప్పుడు ఆ ఇంట్లో బిడ్డ ఎట్లా ఉన్నాడో చూడటం మేలు.

అష్టాంగహృదయం వైద్యాంగాలను చెప్పే వరుసలో కాయచికిత్స తరువాత బాలచికిత్స, ఆ వెంటనే గ్రహచికిత్స వస్తాయి. పిల్లల వైద్యం, మనసు తప్పినవారి వైద్యం పక్కపక్కనే కూర్చున్నాయి. అయినా ఆ రెండూ ఒకే గడపలో కలిసినపుడు, అనగా రోగి తల్లి అయినపుడు, బిడ్డ సంగతి ఏమిటన్నది మన వైద్యులు గాని ఆధునిక వైద్యులు గాని అరుదుగానే అడుగుతారు. ఆకలి, నిద్ర, మలమూత్రాలు అన్నీ అడుగుతాం. “ఇంట్లో పిల్లలెందరమ్మా? వారికి అన్నం పెట్టేదెవరు?” అని అడగం. నార్వే దేశంలో 2010 నుండి ఇది వైద్యుల ఇష్టానికి వదిలిన సంగతి కాదు. మనోరోగికి చిన్న పిల్లలున్నారా, వారి అవసరాలేమిటి అని విచారించటం వైద్య సిబ్బంది విధి అని అక్కడ చట్టం చేశారు.

పశ్చిమ ప్రకాశపు ఇళ్ళలో ఈ సమస్యకు తనదైన రూపమున్నది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు కర్నూలు నుండి విడివడి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు నాడూ నేడూ మెట్ట ప్రాంతాలే. వానలు లేని ఏడు మగవారు హైదరాబాదుకో బెంగళూరుకో కట్టుబడి పనులకు పోతారు. మిరప కోతలకు గుంటూరు వైపు తరలే కుటుంబాలున్నాయి. కాస్త చదువు, ఉద్యోగం ఉన్న ఇళ్ళలోనూ అన్న ఒక నగరంలో, చెల్లెలు మరొక దేశంలో ఉండటం మామూలైంది. వెనుక ఒక తల్లికి మతి తప్పితే అదే వంటింట్లో మరి ఇద్దరు ముగ్గురు తల్లులుండేవారు. ఇప్పుడు ఉండేది తొమ్మిదో తరగతి చదివే పెద్దకూతురు.

ఆ పిల్ల తెల్లవారకముందే లేస్తుంది. నీళ్ళు పట్టి, అన్నం వండి, తమ్ముడికి తల దువ్వి బడికి పంపి, తల్లి మాత్ర వేసుకొన్నదో లేదో చూచి, వీలైతే తానూ బడికి పోతుంది. చూడవచ్చిన బంధువులు “ఎంత బుద్ధిమంతురాలమ్మా, ఇల్లంతా తానే మోస్తున్నది” అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే నాకు భయం వేస్తుంది. అల్లరిచేసే పిల్లవానినైతే ఎవరో ఒకరు వైద్యుని వద్దకు తెస్తారు. ఇట్లా అణగి, ఒదిగి ఉండే పిల్లను ఎవరూ తేరు. ఆమె బాధ తలనొప్పిగానో కడుపునొప్పిగానో బయటపడుతుంది. చిన్నవాడైతే మానిన పక్క తడపటం మళ్ళీ మొదలుపెడతాడు, నిద్రలో ఉలికిపడతాడు. మనం వాము నీళ్ళు తాగించి, శొంఠి పట్టువేసి ఊరుకుంటాం. వాముకు లొంగని కడుపునొప్పి వారాల తరబడి ఉంటే వైద్యునికి చూపి, దేహంలో దోషం లేదని తేలిన తరువాత, ఇంట్లో ఏం జరుగుతున్నదని ఆ బిడ్డనే కూర్చోబెట్టుకొని అడగవలెను.

పిల్లలు ఇంటిపని చేయకూడదని నేననను. గిన్నెలు కడిగినంత మాత్రాన ఎవరూ చెడిపోరు. కాని కన్నతల్లికి కాపలాదారుగా, మందులిచ్చే నర్సుగా, తండ్రికి సలహాదారుగా ఉండే బరువు పిల్లలది కాదు. ముఖ్యంగా ఒక అలవాటును ఖండించదలచాను. మందు మింగనని మొరాయించే రోగికి మాత్రను పొడిచేసి మజ్జిగలోనో పప్పులోనో కలిపి పెట్టటం చాల ఇళ్ళలో ఉన్నది. దాని మంచిచెడ్డలు వైద్యునితో తేల్చుకొనవలసినవి. అయితే ఆ గిన్నెను బిడ్డ చేతికిచ్చి “నీవు పెడితే అమ్మ తింటుంది, చెప్పవద్దు సుమా” అనటం మాత్రం క్షమించరానిది. అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారన్న అనుమానమే ఆ తల్లి వ్యాధి లక్షణం కావచ్చును. ఆ అనుమానం నిజమేనని తెలిసి, ఆమె కళ్ళలోకి చూస్తూ ముద్ద అందించవలసినవాడు ఏడేళ్ళ కొడుకు. ఆ తరువాత వాడు ఎవరిని నమ్ముతాడు?

రోగిని కట్టివేయటం కూడ పిల్లలు మరువలేని దృశ్యమే. చరకుడు ఉన్మాద చికిత్సలో ఓదార్పును, సంతోషపెట్టటాన్ని చెప్పాడు. భయపెట్టటాన్ని, బంధించటాన్ని కూడ చెప్పాడు. ఆ గ్రంథం మీద ఎంత గౌరవమున్నా, ఆ రెండవ భాగాన్ని ఈనాడు మనం పాటించనక్కరలేదని నా నిశ్చితాభిప్రాయం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేచినపుడు గొలుసులతో కట్టి ఉన్న రోగులు కదలలేక, 25 మందికి పైగా సజీవదహనమైన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులకు సంకెళ్ళు వేయటాన్ని నిషేధించింది.

ఇక మధ్యతరగతి ఇళ్ళలో అన్నింటికన్నా పెద్ద సమస్య గోప్యత. “నలుగురికీ తెలిస్తే రేపు ఆడపిల్లకు సంబంధాలు రావు” అన్న ఒక్క మాటతో నోళ్ళన్నీ మూతపడతాయి. ఊరికి చెప్పాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఇష్టం. అందులో నేను వాదించను. కాని పిల్లలకు చెప్పకపోవటం గోప్యత కానే కాదు. ఆ పిల్లలు అదే ఇంట్లో ఉన్నారు. నాయన రాత్రంతా ఒంటరిగా మాట్లాడటం విన్నారు. అమ్మ నాలుగు రోజులుగా స్నానం చేయకపోవటం చూచారు. వారికి తెలియనిది జరుగుతున్న సంగతి కాదు, దాని పేరు. మనం పేరు చెప్పకపోతే వారే ఒక కారణం అల్లుకుంటారు. ఆ కారణం దాదాపు ఎప్పుడూ తామే. తాను పలక పగులగొట్టినందుకే నాయనకు ఇట్లా అయిందని నమ్ముతున్న చిన్నవాడిని ఎరుగుదును. “తాతా, నా మీద కోపంతోనేనా మా అమ్మ మాట్లాడనిది?” అని నన్నడిగిన ఆడపిల్ల ఉన్నది. ఎవరూ ఒక్క మాట చెప్పనందున ఆ పిల్ల ఏడాదిపాటు ఆ ప్రశ్నను కడుపులో దాచుకొన్నది.

ఎట్లా చెప్పాలన్నది చాలమంది సందేహం. శాస్త్రం అక్కరలేదు. రోగి కుదుటపడి ఉన్నపుడు ఆ తల్లి లేదా తండ్రే స్వయంగా చెబితే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే అవ్వో మేనమామో దగ్గరకు తీసుకొని ఇట్లా చెప్పవచ్చును: “మీ అమ్మకు జబ్బు చేసిందమ్మా. కాలు విరిగినవాళ్ళు నడవలేరు గదా, అట్లాగే మనసుకు జబ్బు చేస్తే కోపం, ఏడుపు, నిద్ర వాళ్ళ చేతిలో ఉండవు. ఇది నీ వలన రాలేదు. నీవు అల్లరి చేసినా రాదు, బాగా చదివినా పోదు. డాక్టరు మందు ఇస్తున్నాడు, తగ్గటానికి రోజులు పడుతుంది. నీకు భయమేస్తే రాత్రయినా సరే నన్ను లేపు.” ఒకసారి చెబితే చాలదు. పిల్లవాడు వింటున్నట్లు కనిపించక ఆటకు పోతాడు. పది రోజుల తరువాత అన్నం తింటూ మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ చెప్పవలెను. పెద్ద పిల్లలు “నాకూ వస్తుందా?” అని అడుగుతారు, లేదా అడగలేక గూగుల్‌లో వెదకుతారు. వారికి పైన చెప్పిన లెక్క దాచకుండా చెప్పండి. గంజాయి, మద్యం ఇటువంటి వంశంలో పుట్టినవారికి ఇతరులకన్నా ఎక్కువ హాని చేస్తాయని కూడ ఆ వయసులోనే చెప్పవలెను.

ఒక్క పెద్ద మనిషి తోడు ఏపాటి అని పెదవి విరిచేవారున్నారు. హవాయి దీవులలోని కౌవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంటి కలహాలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మనోవ్యాధి వంటి పలు కష్టాల నడుమ పెరిగినవారిలో సుమారు మూడవ వంతు మంది చక్కని యువతీయువకులుగా ఎదిగారు. వారిలో తరచుగా కనబడిన అంశం, కన్నవారు కాకపోయినా అవ్వో, బంధువో, ఉపాధ్యాయుడో ఒకరు నిలకడగా అండగా ఉండటం. అందుచేత, బడి పంతులుకు సంగతి చెప్పటం సిగ్గుపడవలసిన పని కాదు. హోంవర్కు చేయలేదని గోడకుర్చీ వేయించే బదులు ఆయన ఆ పిల్లను పక్కకు పిలిచి తిన్నావా అని అడుగుతాడు.

తల్లికి వ్యాధి ముదిరిన వేళ పిల్లలను హఠాత్తుగా హాస్టలులో వేయటం నాకు నచ్చదు. కారణం చెప్పకుండా పంపితే అది వారికి శిక్షగా తోస్తుంది. చెప్పి, ఒప్పించి, వారం వారం వచ్చి చూస్తామని మాట ఇచ్చి నిలబెట్టుకొంటే అదే హాస్టలు ఆశ్రయమవుతుంది. ఆసుపత్రిలో చేర్చినపుడు కూడ తల్లిని చూడనివ్వవలెను. మూడేళ్ళలోపు బిడ్డను ఆసుపత్రిలో ఉన్న తల్లి నుండి సాధారణంగా వేరుచేయరాదని 2017 నాటి చట్టమే చెబుతున్నది. బిడ్డకు అపాయముంటే తప్ప.

అపాయం మాట వచ్చింది గనుక సూటిగా చెబుతాను. రోగి “నేను పోతే ఈ పిల్లలు దిక్కులేనివారవుతారు, వీళ్ళనూ తీసుకుపోతాను” అన్నా, పిల్లలకు హాని చేయమని చెవిలో గొంతులు చెబుతున్నాయన్నా, ప్రసవమైన కొద్ది రోజులకే బాలింత నిద్ర లేక పొంతనలేని మాటలాడుతున్నా, కషాయాలకు గాని మొక్కుబడులకు గాని ఒక్క రాత్రి కూడ వృథా చేయరాదు. బిడ్డను మరొకరి చేతికిచ్చి, ఆ తల్లిని గాని తండ్రిని గాని ఒంటరిగా వదలక, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను. వాహనం, సాయం కావలసివస్తే 112. సలహాకు 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 ఉన్నది. తెలుగులో మాట్లాడుతారు, రుసుము లేదు.

కన్నవారి వైద్యం నిలకడగా సాగటమే బిడ్డకు మొదటి రక్ష. అందుచేత ఈ పత్రిక చదివేవారికి ఒక హెచ్చరిక. మన సర్పగంధ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1952లో దాని నుండి రెసర్పిన్ తీశారు. ప్రపంచం ఆశ్చర్యపోయింది. కాని అదే మందు కొందరిని తీవ్రమైన దిగులులోకి నెట్టిందని తరువాత తేలటంతో వాడకం తగ్గింది. దానిని ఇంట్లో దంచి వాడవద్దు. లిథియం వాడే రోగికి మన ప్రాంతపు ఎండలలో విరేచన మందులు, ఉప్పులేని పథ్యం పెడితే ఒంట్లో నీరు, లవణం తగ్గి ఆ మందు విషమించవచ్చును. నేను ఏ చూర్ణమిచ్చినా మానసిక వైద్యునికి చెప్పిన తరువాతే వాడమంటాను.

మిషన్ వాత్సల్య పథకంలో, కన్నవారు పోషించలేని అశక్తతలో ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటున్నది. ఏడాది ఆదాయ పరిమితి పల్లెలలో 72,000, పట్టణాలలో 96,000. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో విచారించవలెను. పాఠకులలో చాలమందికి ఇది వర్తించదు; వారి ఇంట పనిచేసే మనిషికి వర్తించవచ్చును.

మార్కాపురం నుండి ఒంగోలు సుమారు నూరు కిలోమీటర్లు, నేరుగా రైలు లేదు, బస్సే గతి. గిద్దలూరు వారు నల్లమల దాటి నంద్యాల వైపు రైలెక్కుతారు. ఇంత దూరం రోగిని తీసుకుపోయే రోజున పిల్లలను పక్కింట్లో వదలి, ఎక్కడికో చెప్పకుండా పోవటం పరిపాటి. పదేళ్ళు దాటిన బిడ్డ వస్తానంటే ఒకసారి వెంట తీసుకుపోండి. దారిలో ఎక్కడికి, ఎందుకు పోతున్నారో చెప్పండి. తల్లి పరీక్ష ముగిసిన తరువాత వైద్యుని ఎదుట ఆ బిడ్డకు కూడ ఒక కుర్చీ వేయించి, పెద్దలు పక్కనుండి అందించకుండా, అడగదలచినది తననే అడగనివ్వండి.