యూరప్ డబ్బు, మన లెక్క

దొరల దేశం నుంచి డబ్బొచ్చిందంటే మన పల్లెల్లో రెండు మాటలు వినబడతాయి. "వాళ్ళే లేకపోతే మనకు చదువెక్కడిది?" అనేది ఒకటి. "అదంతా మతం మార్చే డబ్బు" అనేది రెండోది. మొదటిది మనోళ్ళ మాట. రెండోది ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు. అసలు అడగాల్సింది ఈ రెండింటి నడుమ ఎగిరిపోతోంది. ఆ డబ్బు ఎక్కడ, దేనికి ఖర్చు పెట్టాలో తేల్చిందెవరు?

1849లో హయ్యర్ దొర గురజాల వచ్చాడు. పుట్టింది జర్మనీలో, పంపింది అమెరికా లూథరన్లు. ఆ మిషను బళ్ళలోనే మన తాతలు అక్షరాలు దిద్దారు. ఆ మేలు మరిచేవాళ్ళం కాము. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో పెట్టిన ఆర్.డి.టి. సంగతీ అంతే. స్పెయిన్‌లో మామూలు ఉద్యోగస్తులు నెలనెలా పంపిన డబ్బుతో బత్తలపల్లి ఆసుపత్రి లేచింది, మనోళ్ళకు ఇళ్ళు లేచాయి. ఇళ్ళు ఆడవాళ్ళ పేరు మీద ఇచ్చారు. 2025లో ఆ సంస్థకు విదేశీ నిధుల అనుమతి చిక్కుల్లో పడితే జిల్లా జనం రోడ్డెక్కారు. ఊరికే ఎక్కుతారా?

ఇంగ్లండు సర్కారు డబ్బు తీరు వేరు. 1999లో దాని సాయంతో గ్రామీణ జీవనోపాధుల పథకం వచ్చింది. వాటర్‌షెడ్లు, సంఘాలు వగైరా. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం - ఐదు కరువు జిల్లాలు. మాచర్ల నుంచి కృష్ణ దాటితే నల్లగొండ. వినుకొండ దాటితే ప్రకాశం. నడుమ మన వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలకు చుక్క రాలేదు. కాగితం మీద గుంటూరు కాలవల జిల్లా మరి! ఆ గీత గీసేటప్పుడు మన కూలిని ఎవరూ పిలిచి అడగలేదు. ఆ రోజుల్లోనే రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థల్ని మూసే, అమ్మే పనికి కూడా ఆ దేశమే డబ్బిచ్చింది. ఒక చేత్తో చెక్‌డ్యాము, ఇంకో చేత్తో మన పిల్లల రిజర్వేషన్ ఉద్యోగాలకు ఎసరు.

అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. 2001 జూన్‌లో మెదక్ జిల్లా ఆల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. చిన్న రైతులు, కూలీలు జ్యూరీగా కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, దళితులు, ఆదివాసులు. విజన్ 2020 వాళ్ళ ముందుకొచ్చింది. సేద్యం మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40కి దించుతామన్న పత్రం అది. మాకొద్దు అన్నారు. జన్యుమార్పిడి విత్తనాలూ వద్దన్నారు. ఈ తీర్పు లండన్ దాకా పోయేసరికి, మన రాష్ట్రానికి సాయమిచ్చే ఆ దేశపు శాఖే నివేదికను తప్పుపట్టింది. ఆ జ్యూరీ ఖర్చులో హాలండు సర్కారు డబ్బూ ఉంది, అదో తమాషా! యూరప్ అంటే ఒకే చెయ్యి కాదు.

ఇప్పుడు ఢిల్లీ పగ్గం బిగించింది. 2020 సవరణతో ఒక సంస్థ తెచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చు 50 శాతం నుంచి 20కి తగ్గించారు. పెద్ద సంస్థల నీడన బతికే చిన్న దళిత సంఘాలకు ముందుగా దెబ్బ తగిలింది. లెక్క మాత్రం యేటా ఢిల్లీకి పోతుంది, దాతకు పోతుంది. మాదిగవాడకు రాదు. బోర్డు మీద మన పేరు, ఫొటోలో మన పిల్ల, లెక్క ఇంగ్లీషులో.

ఒక్క మాట. స్పెయిన్ ఇల్లు కట్టించగలదు, పట్టా ఇవ్వలేదు. మనకు ఇంట్లోనే బాకీ ఉంది. 2013 సబ్‌ప్లాన్ చట్టం జనాభా దామాషాన నిధులివ్వమంది. 2023లో దాన్ని ఇంకో పదేళ్ళు పొడిగించారు. సీమదొర సాయానికి దండం పెట్టే మనోడు ఆ డబ్బు ఎటు మళ్ళిందని మండలాఫీసులో అడగడేం?

నరసరావుపేట, గురజాల, మాచర్ల కార్యకర్తలు ఈ పక్షం తమ ఊళ్ళలో విదేశీ నిధుల బోర్డులున్న ప్రతి పని వివరం రాయండి. ఏ యేడు మొదలైంది, ఎంత వచ్చిందన్నారు, ఏం మిగిలింది, కమిటీలో మన ఆడవాళ్ళు ఎందరు. దాని పక్కనే మీ ఊరికొచ్చిన సబ్‌ప్లాన్ పనులూ రాయండి. సంస్థవాళ్ళ మీద కోపంతో కాదు, వాళ్ళను కూడా కూర్చోబెట్టి రాయండి. వచ్చిన కాగితాలు వచ్చే సంచికలో వేస్తాం.