నీళ్లు పోయడం శిక్ష కాకూడదు



మన గోడపత్రికలో కథలు, పొడుపు కథలు, సూక్తులు చాలా వస్తున్నాయి. నేను మాత్రం ఆఫీసు రూము ముందరున్న విద్య చెట్ల గురించి రాస్తున్నాను. మెట్లకి అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు ఉండేవి. ఇప్పుడు మూడే ఉన్నాయి. నాలుగోది చచ్చిపోయింది. దాన్ని చంపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ వ్యాసం రాయాల్సిన బాధ్యత నాకుంది.

జరిగింది చెప్తాను. నిరుడు వర్షాకాలంలో నేను వరసగా మూడు రోజులు ప్రార్థనకి ఆలస్యంగా వెళ్లాను. శిక్షగా మొక్కలకి పది బకెట్లు నీళ్లు పొయ్యమన్నారు. ముందు రోజు రాత్రే వాన పడింది. అయినా శిక్ష శిక్షే కదా! బోరింగుకి దగ్గరగా ఉన్నది మూల చెట్టు. పది బకెట్లూ దానికే పోసి, లెక్క అప్పజెప్పి క్లాసుకి పరిగెత్తాను. నా తర్వాత శిక్ష పడ్డవాళ్లు కూడా అదే చేశారు. దాని పాదు ఎప్పుడూ చెరువులాగ నిండి ఉండేది. కొన్నాళ్లకి ఆకు తుప్పు రంగులోకి తిరిగింది. నీళ్లు చాలడం లేదేమో అనుకుని ఇంకా పోశాం. దసరా సెలవుల నుంచి వచ్చేసరికి చెట్టంతా ఎండిపోయింది. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. వేళ్లకి కూడా గాలి కావాలి, నీళ్లు నిలవుంటే గాలి ఆడక కుళ్లిపోతాయి అని సైన్సు సారు అప్పుడు చెప్పారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. శిక్ష పడ్డవాడు బకెట్లు లెక్కపెడతాడు గాని చెట్టు వంక చూడడు. 

అసలు ఈ చెట్టేంటో మనలో చాలామందికి తెలీదు. నర్సరీ వాళ్లు తూజా అంటారు. 1753లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త దీనికి తూజా ఓరియంటాలిస్ అని పేరు పెట్టాడు. 1949 నుంచి దీని శాస్త్రీయ నామం ప్లాటిక్లాడస్ ఓరియంటాలిస్. దీని సొంత ఊరు చైనా, కొరియా ప్రాంతాలు. బీజింగులో టెంపుల్ ఆఫ్ హెవెన్ అనే పాత గుడి ఆవరణలో వందల ఏళ్ల వయసున్న ఈ జాతి చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మనం సోషల్లో శృంగాకార అడవులు అని చదువుకుంటాం కదా, ఆ దేవదారు, పైన్ చెట్ల కుటుంబాలకి ఇది చుట్టం. దీనికి పువ్వు పుయ్యదు, పండు కాయదు. కొమ్మల చివర నీలం కలిసిన పచ్చరంగులో, కొక్కేల్లాంటి ముళ్లతో చిన్న కాయల్లాగ ఉండేవి శంకువులు. అవి ముదిరి గోధుమ రంగుకొచ్చి విచ్చుకుంటే లోపల గింజలుంటాయి. మన ఇప్పచెట్టు పూతకి ముందు ఆకు రాల్చేస్తుంది. ఇది మాత్రం ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది.

పచ్చగా ఉంది కదా అని దీనికి కష్టం లేదనుకోవద్దు. టేకు చెట్టుని మోడు దాకా నరికినా పక్కనుంచి పిలకలొస్తాయి. తూజా అలా కాదు. ఆకు లేని ముదురు కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం చాలా కష్టం. ఆగస్టు 15కి అందంగా ఉండాలని మనవాళ్లు రెండో చెట్టుని గుండ్రంగా కోశారు. ఒకవైపు లోపలిదాకా కోసేశారు. ఆ బొంత ఇప్పటికీ పూడలేదు, వెళ్లి చూడండి. కొయ్యాలంటే పచ్చటి కొనలు మాత్రమే, అదీ కొద్దికొద్దిగా కొయ్యాలి.

ఇంక ఆకు సంగతి. పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని పరీక్షల ముందు అందరం తెంపుతున్నాం. నేనూ ఆరో తరగతి నుంచి పెట్టుకున్నాను. లెక్కల్లో ఎన్ని వచ్చాయో సారుకి తెలుసు! ఒక్కొక్కరు ఒక్క రెమ్మే తెంపుతున్నాం అనుకుంటాం. రెండు వందల మంది తెంపితే రెండు వందల రెమ్మలు. అదీ చెయ్యి అందినంత ఎత్తులోనే. అందుకే కింద భాగం బోసిగా, పైన టోపీ పెట్టినట్టు తయారయ్యాయి. చిన్న తమ్ముళ్లు కొందరు ఆ ఆకు నములుతున్నారు. వాసన బాగున్నా కడుపులోకి పోతే అది మంచిది కాదు. నోట్లో పెట్టుకోవద్దు.

కొందరు అన్నలు ఇలా అంటున్నారు: "పండివ్వదు, నీడివ్వదు, దీనికెందుకు నీళ్లు? మునగో కరివేపాకో వేస్తే కూరలోకైనా వస్తుంది." ఈ మాటలో న్యాయముంది. ఎండాకాలం బోరింగు దగ్గర మనం ఎంత లైను కడతామో అందరికీ తెలుసు. మునగ తప్పకుండా వేద్దాం. వంటగది వెనక బియ్యం కడిగిన నీళ్లు ఊరికే పోతున్నాయి, అక్కడ వేద్దాం. కానీ ఉన్న మూడింటిని ఎండబెట్టనక్కర్లేదు. తూజా బాగా వేరు పట్టాక ఎక్కువ నీళ్లు అడగదు. మనం దానికి పోసిన నీళ్లలో చాలా భాగం వృథాయే, పైగా ఆ నీళ్లే దాన్ని చంపాయి. మన ఊళ్లలో ఇప్పచెట్టుకి ఎవరూ నీళ్లు పొయ్యరు, కానీ దాని జోలికీ ఎవరూ పోరు. ఇవి అడవిలో పుట్టినవి కావు, మనం తెచ్చి పాతినవి. తెచ్చినవాళ్లమే చూసుకోవాలి.

చూసుకోవడం పెద్ద పనేమీ కాదు. పాదులో వేలు రెండు కణుపుల లోతుకి గుచ్చి చూడాలి. తడి తగిలితే నీళ్లు పొయ్యొద్దు. పొడిగా ఉంటే మొదట్లో కాకుండా చుట్టూ నిదానంగా పొయ్యాలి. వర్షాకాలంలో పాదుకి గండి కొట్టి నీళ్లు బయటికి పోనివ్వాలి. బట్టలుతికిన సోడా నీళ్లు అసలు పొయ్యకూడదు. ఎండాకాలంలో ఆకు బూడిద రంగుకి తిరిగితే కింద తెల్లకాగితం పట్టి కొమ్మని దులపండి. ఎర్రటి చుక్కలు కదిలితే అవి నల్లులు. పొద్దున్నే ఆకు మీద నీళ్లు గట్టిగా చల్లి కడిగితే తగ్గుతాయి. లోపలి ఆకు కొంచెం ఎండి రాలడం మామూలే, దానికి భయపడొద్దు.

కాబట్టి వార్డెను సారు గారికి నా మనవి మూడు.

ఒకటి, మొక్కలకి నీళ్లు పోయడం శిక్షల్లోంచి తీసెయ్యండి. తప్పు చేస్తే వేరే పని చెప్పండి, చేస్తాం.

రెండు, మూడు చెట్లని 7, 8, 9 తరగతులకి తలా ఒకటి అప్పజెప్పండి. చెట్టు పాడైతే ఆ తరగతి లీడరు జవాబు చెప్తాడు.

మూడు, వేసవి సెలవులకి ఇళ్లకి వెళ్లేముందు రోజు పాదుల్లో నిండుగా నీళ్లు పెట్టి, ఎండుటాకు కప్పి వెళ్దాం. మొదలుకి మాత్రం ఆకు తగలకూడదు. సెలవుల్లో వాచ్‌మన్ తాతకి వారానికోసారి చూడమని చెప్పండి. సెలవుల్లో దగ్గర ఊరివాళ్లం వంతులవారీగా వచ్చి తాతకి సాయం చేస్తాం. నా పేరు మొదట రాసుకోండి.

నాలుగో గుంట ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ మళ్లీ తూజా పెట్టాలో, ఇంకేదైనా పెట్టాలో శనివారం మీటింగులో అందరం మాట్లాడుకుందాం. ఏది పెట్టినా సరే, దానికి మొదటి చెంబు నీళ్లు శిక్ష పడ్డవాడు కాకుండా ఇష్టపడి వచ్చినవాడు పొయ్యాలి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థి