పెరటి కోడి పనికిరానిదా?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మరి పెరటి కోడి దేనికి పనికొస్తుంది? ఈ ప్రశ్న మా హాస్టల్లో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: "ఆదివారం కూరకి!" అందరూ నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ రెండేళ్ళు నవ్వాను. ఇక నవ్వదలచుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

సావనీరులో దేశం గురించో, విజ్ఞానశాస్త్రం గురించో, యువతరం కర్తవ్యం గురించో రాయాలి గాని కోళ్ళ గురించి రాయడమేమిటని మిత్రులు అనుకోవచ్చు. నిరుద్యోగం గురించి రాస్తే ఎవరూ కాదనరు గదా! నేను రాస్తున్నది దాని గురించే. ఉద్యోగం ఊడిన ఇంట్లో ఏది అమ్ముకోవాలి, ఏది అమ్ముకోకూడదు అన్నదే నా విషయం.

మాది గుంటూరు జిల్లాలో ఎకరంన్నర మెట్ట ఉన్న సంసారం. ఎకరంన్నర మెట్ట మీద అయిదుగురు బతకలేరు గనుక, మా నాన్న ఊరికి దగ్గర్లో ఉన్న ఒక నూలు మిల్లులో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ పెట్టారు. మిల్లు మూశారు. కొన్నాళ్ళకి మళ్ళీ తెరిచారు గాని, తెరిచినప్పుడు పిలిచినవాళ్ళలో మా నాన్న లేడు. "అవసరమైతే కబురు చేస్తాం" అన్నారట ఫోనులో. ఆ కబురు ఇంతవరకు రాలేదు.

అప్పటికి మా పెరట్లో 23 కోళ్ళున్నాయి. అవి అమ్మవి. పొలం నాన్నది, జీతం నాన్నది, అప్పు అందరిదీ. కోళ్ళు మాత్రం అమ్మవి. గుడ్లమ్మిన డబ్బు పోపుల డబ్బాలో పడేది. మా పెన్నులూ, నోటు పుస్తకాలూ, తిరునాళ్ళ ఖర్చూ ఆ డబ్బాలోంచే వచ్చేవి. ఆ లెక్క నాన్న ఎప్పుడూ అడగలేదు, అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడిమాంసం తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టింది గుర్తుందా? ఫారం కోడి ధర పాతాళానికి పోయింది. హైదరాబాదులో మంత్రులు వేదికెక్కి కోడిమాంసం తిని చూపించాల్సి వచ్చింది. షెడ్లు వేసి వేలకు వేలు కోళ్ళు పెంచినవాళ్ళు మేత ఖర్చుకు తట్టుకోలేక వచ్చినకాడికి వదిలించుకున్నారు. మొక్కజొన్న, సోయా కొనకపోతే వాళ్ళ కోడి ఒక్క పూట బతకదు. మా అమ్మ కోళ్ళకి మేత బిల్లు లేదు. పొద్దున గుప్పెడు నూకలు, సాయంత్రం గంప కిందకి రావడానికి మరో గుప్పెడు తవుడు. మిగతాదంతా అవే చూసుకుంటాయి. పేడదిబ్బలో పురుగులు, కళ్ళంలో రాలిన గింజ, పుట్టలో చెదలు, గట్టు మీద గడ్డి. మనిషి తినలేని వాటిని మనిషి తినే గుడ్డుగా మార్చడం చిన్న విద్య కాదు. జువాలజీ చదువుతున్నాను గాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

జీతం ఆగిన రెండో నెలలో అమ్మ కోళ్ళని అమ్మడం మొదలుపెట్టింది. వారానికి రెండు, మూడు. బియ్యానికి ఒకటి, గ్యాసుబండకి రెండు, నాయనమ్మ బీపీ మాత్రలకి ఒకటి. బ్యాంకులో ఉన్న డబ్బయితే కాగితం రాయాలి, బంగారమైతే తాకట్టు కొట్టు మెట్లెక్కాలి. కోడికి అవేమీ లేవు. ఎంత అవసరమో అంతే అమ్ముకోవచ్చు. గేదెను సగం అమ్మలేం గదా!

ఒకరోజు నాన్న విసుగెత్తి, "మిగిలినయ్యి కూడా అమ్మేసెయ్. మనుషులకే గతిలేదు, మధ్య ఈ గోలెందుకు?" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. అరుగు మీద కూచున్న నాయనమ్మ అంది: "అమ్మాయ్, పద్దెనిమిది అమ్ము, నేనొద్దన్ను. ఇత్తనం మాత్రం అమ్ముకోబాక."

అలా నాలుగు పెట్టలు, ఒక పుంజు మిగిలాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా నాయనమ్మ ఆ ఒక్క మాటలో చెప్పేసింది. నేను చేసేదల్లా దానికి కారణాలు రాయడమే.

మొదటి కారణం లెక్క. మృగశిర కార్తె దాటి ఎండ తగ్గాక రెండు విడతలుగా 48 గుడ్లు పొదగేశాం. మండుటెండల్లో వేస్తే మురిగిపోతాయి. మూకుట్లో ఇసుక పోసి గుడ్లు దాచడం అమ్మ పని. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోను లైటు మీద గుడ్డుపెట్టి లోపల ఎర్రటి నరాలు కనపడుతున్నాయో లేదో చూడడం నా పని. 21 రోజులకి 39 పిల్లలయ్యాయి. గద్ద తన్నుకుపోయినవి, ముంగిస పట్టినవి, వానకి తడిసి చచ్చినవి పోను 16 దక్కాయి. 2021 సంక్రాంతినాటికి పెరట్లో మళ్ళీ 21 కోళ్ళు. పెట్టుబడి ఎంతంటే, ఆ నాలుగు పెట్టల్నీ పుంజునీ అమ్మకుండా ఉంచడమే. అమ్మేసి ఉంటే ఆ డబ్బు వారం తిరక్కుండానే అయిపోయేది. మళ్ళీ కొనాలంటే పండగ ముందు నాటుకోడి ధర మనలాంటివాళ్ళకి అందేది కాదు.

రెండో కారణం జాతి. మన నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లకి మించి పెట్టదు. ఫారం పెట్ట 300 దాకా పెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకం కోసమే రూపొందించిన గ్రామప్రియ 200 వరకు పెడుతుంది. వనరాజా అయితే మాంసానికి కూడా బాగుంటుంది. మంచివే, కాదనను. కాని ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టకి పొదుగు మీద ధ్యాస పోతుంది. పిల్లలు కావాలంటే మళ్ళీ హేచరీకి పోవాలి, డబ్బు పెట్టాలి. నాటుపెట్ట తక్కువ పెట్టినా తానే పొదుగుతుంది, తానే తిప్పుతుంది, గద్ద నీడ పడితే తానే రెక్కల కింద దాస్తుంది. చేతిలో డబ్బున్న రోజున గ్రామప్రియ లాభం. చేతిలో పైసా లేని రోజున నాటుపెట్టే దిక్కు. కాబట్టి కొత్త జాతి తెచ్చుకున్నా, పొదిగే పెట్టలు రెండు ఇంట్లో ఉంచుకోవాలని నా అభిప్రాయం.

మూడో కారణం లెక్కకి అందదు. ఆ ఏడాది మా ఇంట్లో పొద్దున్నే పనికి పోవలసినవాళ్ళు ఎవరూ లేరు. నాన్న గోడకి తిరిగి పడుకునేవాడు. ఎవరు పలకరించినా చిరాకే. కాని గంప ఎత్తకపోతే కోళ్ళు ఊరుకోవు. ముందు అమ్మ మీద విసుక్కుంటూ లేచేవాడు, తర్వాత తనే లేవడం మొదలెట్టాడు. ముంగిస దూరకుండా గూటికి కొత్త తలుపు బిగించాడు. పద్నాలుగేళ్ళు షిఫ్టు సైరనుకి లేచిన మనిషి కోడికూతకి లేచాడు. ఇది నేను కథ కోసం చెప్పడం లేదు. పనిపోయిన మనిషికి పొద్దున్నే చెయ్యవలసిన పని ఒకటి ఉండడమంటే ఏమిటో చూసినవాళ్ళకి తెలుస్తుంది.

అయితే ఇల్లు మారవలసి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? 2022లో నాన్నకి గుంటూరులో ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని దొరికింది. మెట్ల కింద గది. అక్కడ కోళ్ళు పెంచడానికి వీల్లేదన్నారు. అప్పుడు కూడా అమ్మ అమ్మలేదు. పక్కింటి అక్కకి పాలుకిచ్చింది. మన పల్లెల్లో ఇది పాత పద్ధతే. పెట్ట మనది, సాకుడు వాళ్ళది, పిల్లలు చెరిసగం. పత్రం లేదు, సాక్షి లేడు, వడ్డీ లేదు. అప్పుగా తెచ్చుకున్న డబ్బు పెరిగితే గుండె దడ. పాలుకిచ్చిన కోడి పెరిగితే రెండిళ్ళకీ సంతోషం. ఆర్థికశాస్త్రం చదివే మిత్రులు దీన్ని ఏ సిద్ధాంతం కింద జమకడతారో చెప్పాలి.

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. 2023 ఎండాకాలంలో ఊళ్ళోకి కొక్కెర తెగులు వచ్చింది. పుస్తకాల్లో దీన్నే రాణిఖేత్ వ్యాధి అంటారు. ఆకుపచ్చ పారుడు, మెడ వంకర్లు పోవడం, ఆ తర్వాత చావు. వారంలో మా పాలు కోళ్ళు 14లో 11 పోయాయి. అక్క ఫోను చేసి ఏడ్చింది. అదే ఏడాది చివర అపార్టుమెంటువారు తక్కువకొచ్చిన ఏజెన్సీకి కాపలా అప్పగించారు. నాన్నకి రెండోసారి పనిపోయింది. తిరిగి ఊరొచ్చేసరికి మిగిలింది మూడు కోళ్ళు. వాటిలో రెండు పెట్టలు కావడం మా అదృష్టం. ఇవాళ మళ్ళీ పదిహేనయ్యాయి.

ఆ పదకొండు కోళ్ళు చావవలసినవి కావు. ఈ తెగులుకి మందు లేదు గాని టీకా ఉంది. పిల్ల పుట్టిన అయిదు నుంచి ఏడు రోజుల్లోపు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌-టు-బి సూది. ఇంతే. మరి ఎందుకు వేయించరు? అజ్ఞానం అని తేలిగ్గా అనేస్తారు చదువుకున్నవాళ్ళు. అసలు సంగతి వేరు. టీకా సీసా సాధారణంగా వంద కోళ్ళకో, అంతకంటే ఎక్కువకో సరిపడా వస్తుంది. చల్లగా ఉంచాలి. కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారబొయ్యడమే. పది కోళ్ళున్న ఇల్లాలు ఆ సీసా ఏం చేసుకుంటుంది? ఇరవై ఇళ్ళవాళ్ళు ఒకే పొద్దున కోళ్ళని గంపల కింద ఆపి ఉంచితేనే ఆ సీసాకి సార్థకత. అంటే లోపం తెలివిలో లేదు, కలుపుకోవడంలో ఉంది.

పత్రికల్లో కోడి కనపడేది ఏడాదికి ఒక్కసారే, సంక్రాంతికి. పందెం పుంజు ఫొటో, దానికి పెట్టిన బాదంపప్పు లెక్క, చేతులు మారిన కోట్లు. జంతుహింస నిరోధక చట్టం 1960లోనే వచ్చినా ఆ మూడు రోజులూ చట్టానికి సెలవు. మగవాళ్ళు ఆడే పుంజుకి ఉన్న పేరు ఆడవాళ్ళు సాకే పెట్టకి లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు దాదాపు 32 కోట్లు. 2012తో పోలిస్తే నూటికి 45కి పైగా పెరిగాయి. ఆ 32 కోట్లనీ ఉదయాన్నే గంప ఎత్తి వదిలేది ఎక్కువగా అమ్మలే.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఉద్యోగాలు లేకపోతేనేం, కోళ్ళు పెంచుకోండి" అని ఉపన్యాసాలిచ్చే పెద్దలున్నారు. నా వ్యాసాన్ని వాళ్ళు సాక్ష్యానికి తెచ్చుకోవద్దని మనవి. నాలుగు పెట్టలు ఏడాదికి 220 గుడ్లు పెడతాయనుకుందాం. గుడ్డు 12 రూపాయలకి అమ్మినా 2,640 రూపాయలు. మిల్లులో నాన్న ఒక నెల జీతంలో నాలుగో వంతు. కోడి జీతం కాదు. కోడి కొలువు కాదు. మూసిన మిల్లుకి కోడిపెట్ట జవాబు కానేకాదు. అది మునిగిపోతున్నవాడు కాలు మోపే రాయి. ఆ రాయి ఉంది గదా అని పడవ తియ్యడం మానేస్తే అది అన్యాయం.

ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఇలాంటప్పుడు జబ్బు కనిపించిన చోటినుంచి కిలోమీటరు లోపల ఫారం కోడి అయినా పెరటి కోడి అయినా తీసెయ్యవలసిందే. అది మనుషుల మేలుకే. కనుక కోళ్ళు గుంపుగా చచ్చిపోతే దాచిపెట్టి కోసుకు తినడం, చెరువులో పారెయ్యడం మహాపాపం. పశువైద్యుడికి వెంటనే చెప్పాలి. కోళ్ళు సాకే హక్కుతోపాటు ఈ బాధ్యత కూడా ఉంది.

మరి విద్యార్థులుగా మనమేం చెయ్యగలం? 1969 నుంచి జాతీయ సేవా పథకం నడుస్తోంది. ఏటా క్యాంపుకి వెళ్తాం. రోడ్డు ఊడుస్తాం, మొక్క నాటుతాం, ఫొటో దిగుతాం, తిరిగొస్తాం. ఈసారి ఒక్క ఊళ్ళో ఒక్క పొద్దున కోళ్ళ టీకాల రోజు పెడదాం. పశువైద్య సిబ్బందిని పిలవడం, ముందురోజు ఇల్లిల్లూ తిరిగి కోళ్ళని వదలొద్దని చెప్పడం, ఐసుపెట్టె మొయ్యడం, లెక్క రాసుకోవడం మన పని. సూది వెయ్యడం వాళ్ళ పని. ఖర్చు మన వీడ్కోలు విందులో పదోవంతు కూడా కాదు. యూనియన్ నాయకులు ఆలోచించాలి.

రెండోది మరీ చిన్నది. మొన్న అమ్మ హాస్టలుకొచ్చినప్పుడు డజను ఉడికించిన నాటుగుడ్లు పట్టుకొచ్చింది. వెనకటిలాగా సిగ్గుపడి మంచం కింద దాచలేదు. గదిలో అందరికీ పంచాను. తిన్నాక ఒక మిత్రుడు నెమ్మదిగా, "మా ఇంట్లో కూడా ఉండేవిరా, నాన్న పని పోయినప్పుడు అన్నీ అమ్మేశాం" అన్నాడు.

వచ్చే మృగశిరకి వాడింటికి మా పెట్ట ఒకటి వెళ్తుంది. పాలుకి. పిల్లలు చెరిసగం.

— ఒక బి.యస్సీ. విద్యార్థి