గ్రౌండు అందరిదైతే ఆ బిడ్డ గద్దె మీదే ఎందుకున్నాడు?

ఏప్రిల్ 14 వస్తే మన వాడల్లో నీలిజెండాలు కడతాం. మైకు పెడతాం. బాబాసాహెబ్ విగ్రహానికి దండలేశాక పిల్లలకు ఆటలు పెడతాం. పరుగుపందెం, కుర్చీలాట, తాడులాగుడు, కబడ్డీ. గెలిచినోళ్లకు పెన్నులు, స్టీలు గ్లాసులు. వాడంతా ఈలలు, కేకలు. అదే టైముకి విగ్రహం గద్దె మీద ఒక బిడ్డ కూచోని ఉంటాడు. కాళ్లు రావు. వాళ్లమ్మ చంకనేసుకొచ్చి అక్కడ దించిపోయింది. ఆటలు అయిపోయేదాకా చప్పట్లు కొడతాడు. మళ్లీ అమ్మొచ్చి ఎత్తుకుపోతుంది.

ఈ బిడ్డ లేని వాడ ఏదన్నా ఉందా? ఒకచోట కాళ్లు రాని పిల్లాడు, ఇంకోచోట చూపులేని ఆడపిల్ల, మరోచోట వినపడని బిడ్డ. వాళ్లు ఆడుకునే ఆట ఒక్కటన్నా పెట్టామా? పెట్టలేదు. అందుకని సర్కారును అడిగేముందు ఈ ప్రశ్న మనల్ని మనమే అడుక్కోవాలి.

‘ఊరుమ్మడిది’ అనే మాటలో ఎంత మోసముందో మనకంటే ఎవరికి తెలుసు? సర్కారు సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును తెరిచామంది. కాగితం మీద తెరిచారు. దోసెడు నీళ్లు దక్కలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగారు. తాగినందుకు మనోళ్లను కొట్టారు, చెరువును ‘శుద్ధి’ చేసుకున్నారు. అందరిదీ అని రాసినంత మాత్రాన ఏదీ అందరిదీ అయిపోదు. చివరి మనిషి అడుగుపెట్టిననాడే అది అందరిదవుతుంది. మహద్ మనకు నేర్పింది ఇదే.

రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, రోడ్లతోపాటు సర్కారు సొమ్ముతో నడిచే, ప్రజలు కూడే స్థలాలు కూడా ఉన్నాయి. ఆటస్థలం అందులోదే. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరుతో అక్కడ ఎవర్నీ ఆపకూడదు. అయితే ఆ వరసలో వైకల్యం అనే మాట లేదు. ఆ హక్కు కోసం వికలాంగులు వేరే పోరాడాల్సొచ్చింది. 1995లో ఒక చట్టం, 2016లో ఇంకో చట్టం వచ్చాయి. వికలాంగ పిల్లలకు చదువుతోపాటు ఆటపాటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలని 2016 చట్టం బళ్లకు చెప్పింది. ఆటల వసతులను వాళ్లకు పనికొచ్చేలా మార్చాలని కూడా చెప్పింది. ఈ ఏర్పాట్లు ఇష్టముంటే చేసే సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

చట్టం ఉంది, తీర్పు ఉంది. మరి గ్రౌండు దగ్గరికి పోయి చూడండి. 2022లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు. వాలీబాల్ కోర్టు, ఖోఖో, కసరత్తు కడ్డీలు. చక్రాల కుర్చీ బిడ్డ వాటిలో దేంతో ఆడాలి? పట్నం పార్కులు చూడండి. పశువులు రాకుండా వంకర గేటు పెడతారు. పశువును ఆపే గేటు బిడ్డను కూడా ఆపుతోంది. అది దాటితే మెట్లు. మెట్లు దాటితే ఇసుక, కంకర. చక్రం దిగబడుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్లమంది వికలాంగులున్నారు. మొత్తం జనంలో నూటికి 2.21 మంది. ఎస్సీల్లో 2.45 మంది. అంటే ఈ సమస్య మన వాడల్లోనే ఎక్కువ. బిడ్డను కడుపున మోస్తూ కూలికి పోయే తల్లి ఎవరు? ఆసుపత్రికి దూరంగా కాన్పయ్యే ఇల్లెవరిది? వైకల్యానికి కులం లేదనేవాళ్లు ఈ లెక్క చూసి మాట్లాడాలి.

మనల్ని హరిజనులన్నారు, బావి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. 2015లో వికలాంగుల్ని దివ్యాంగులు అనమని ప్రధాని చెప్పారు. గేటు వెడల్పు కాలేదు. పేరులో దేవుణ్ణి పెట్టి దారిలో మెట్లు పెట్టడం పాత విద్యే. మన నోరు మాత్రం మంచిదా? కుంటోడా, గుడ్డిదానా, మూగోడా అని పిలిచేది ఎవరు? కులం పేరు పెట్టి పిలిస్తే మనకు కాలింది కదా, ఆ బిడ్డకు కాలదా?

‘కూటికే గతిలేదు, ఇప్పుడు ఆటలా?’ అనేవాళ్లు మనలోనే ఉన్నారు. మన తాతలు బడికి పోతామన్నప్పుడు దొరలన్న మాట కూడా ఇదే. పింఛను పోరాడి పెంచుకున్నాం. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలైంది, ఆంధ్రలో 2024లో 6,000 అయింది. అది అవసరమే. అయితే పింఛను స్నేహితుణ్ణి తెచ్చిపెట్టదు. ఆటలోకి రాని బిడ్డను తోటి పిల్లలు మర్చిపోతారు. బళ్లో ఆ బిడ్డ పక్కన ఎవరూ కూచోరు. దీన్ని వెలి అనక ఇంకేమనాలి?

గ్రామసభలో మనం అడగాల్సినవి ఇవి:

1. గ్రౌండు గేటు కనీసం మూడడుగుల వెడల్పుండాలి. వంకర గేటు పక్కన తిన్నని దారి ఉండాలి.

2. మెట్లున్నచోట ర్యాంపు కట్టాలి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. అంతకంటే నిట్రంగా కడితే అది పేరుకే ర్యాంపు.

3. గేటు నుంచి ఆట దాకా గట్టిగా దిమ్మిస కొట్టిన బాట కావాలి.

4. వెన్ను ఆనించుకునే ఉయ్యాల, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి కావాలి.

5. గ్రౌండు వాడకు దగ్గర్లో ఉండాలి. ఎక్కడ, ఎట్లా కట్టాలో వికలాంగ పిల్లల్ని, వాళ్ల తల్లుల్ని అడిగి తేల్చాలి.

ఇవి వచ్చేదాకా మనం ఆగక్కర్లేదు. వచ్చే ఏప్రిల్ 14న లోపల మోత చేసే బంతి ఒకటి తెద్దాం, చూపులేని పిల్లలు ఆడతారు. ఈల ఊదేటప్పుడే జెండా కూడా ఊపుదాం, వినపడని బిడ్డ అందరితోపాటే పరుగు తీస్తుంది. కూచుని గురిచూసి బంతి విసిరే పందెం పెడదాం. కాళ్లున్నోళ్లు కూడా కూచునే ఆడాలి. వీటికయ్యే ఖర్చు ఒక్కరోజు మైకు అద్దె కంటే ఎక్కువేం కాదు.

ఆ బిడ్డను గద్దె మీద నుంచి దించి గ్రౌండులోకి తీసుకుపోదాం. చప్పట్లు ఈసారి మనం కొడదాం.

జై భీమ్!