కథకు ముగింపు వ్రాయు హక్కు ఎవరిది?

గడచిన వేసవి సెలవులలో మా యింట ఒక వివాదము పుట్టినది. పి.యు.సి. చదువుచున్న మా పెద్ద కుమారుడు "ది లాస్ట్ ఆఫ్ అజ్" అను వీడియో గేము రెండవ భాగమును కంప్యూటరులో ఆడ మొదలిడి, మూడు గంటలైనను గడువకముందే ఆపివేసెను. పదింటికి సున్న మార్కు వేసితినని మిత్రులతో చెప్పుచుండగా మేము వింటిమి. తానులో మూడు గజములు విప్పి చూచి తక్కినదంతయు చిల్లులేయని చెప్పు గిరాకీలు మా బట్టల అంగడికి వచ్చుట కలదు గాని, అట్టివాడు మా యింటనే ఉన్నాడని మేమెరుగము.

మేమును ఈ ఆటలను ఎరుగనివారము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి అంగడిలో కూర్చుండిన నాటినుండి, రాత్రి జమాఖర్చులు చూచుకొనిన పిమ్మట ఒక గంటసేపు ఆడుకొనుట మాకు అలవాటు. నలుబదియైదేండ్ల వయస్సున, సంఘపు బాధ్యతలు మోయుచు, ఈ మాట మన పత్రికలో వ్రాయుటకు కొంత సంకోచము లేకపోలేదు. అయినను చెప్పవలసిన సంగతి యున్నందున వ్రాయుచున్నాము.

వీడియో గేములనగా గురిచూచి కొట్టుటయు, బండ్ల పందెములును మాత్రమేయని పెద్దలు తలంతురు. కథాప్రధానములైన ఆటలు వేరు. నాటకమునందు ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుండి చూచును. ఈ ఆటలలో అతడే పాత్రయై రంగమున నిలుచును. పాత్ర నడచిన అతడు నడిపించినట్లే, పాత్ర చంపిన అతని చేతిలోని మీట నొక్కబడినట్లే. కావున కథ తన యిచ్ఛకు విరుద్ధముగా పోయినచో, తనకే ద్రోహము జరిగినదని అతడు కోపించును. ఈ కోపము సహజమే. దానితో ఏమి చేయవలెననునదియే ప్రశ్న.

పైన చెప్పిన ఆటను అమెరికాలోని నాటీ డాగ్ అను సంస్థవారు చేసిరి. మొదటి భాగము 2013లోను, రెండవది 2020 జూన్ 19న విడుదలైనవి. కథ చెప్పక తప్పదు. ఇంకను ఆడదలచినవారు ఈ పేరాను, దీని తరువాతి పేరాను దాటిపోవుదురుగాక. కూతురును పోగొట్టుకొనిన జోయెల్ అనువాడు, మహమ్మారిచే పాడువడిన దేశమున ఎల్లీ అను పిల్లను దూరప్రాంతమునకు చేర్చబూని, ఆమెయందు కన్నబిడ్డపై వలె ప్రేమ పెంచుకొనును. ఆమె ప్రాణము తీసినగాని మందు కనుగొనలేమని తెలిసి, శస్త్రచికిత్స చేయనున్న వైద్యుని చంపి ఆమెను తెచ్చుకొనును. రెండవ భాగమున, కథ మొదలైన కొంతసేపటికే ఆ వైద్యుని కుమార్తె అబ్బీ జోయెల్‌ను చంపును. అటుపిమ్మట ఆటలో దాదాపు సగము ఆ అబ్బీనే మనము నడుపవలెను.

"నాన్నా, జోయెల్‌ను అట్లా చంపేస్తే ఇంక ఆడేదేముంది?" అని మావాడు అడిగెను. మాకును కోపము వచ్చినది. రెండు రాత్రులు ఆటను ముట్టలేదు. మరల మొదలిడి, మూడు వారములలో ముగించితిమి. అబ్బీని నడుపవలసి వచ్చినప్పుడు మా వ్రేళ్ళు మొరాయించినవి. కాని ఆమె తండ్రిని చూపిన భాగము వచ్చినప్పుడు ఒక సంగతి తోచినది. మొదటి ఆటలో ఆ వైద్యుని చంపిన మీటను నొక్కినది మేమే గదా! అతనికి ఒక బిడ్డ యుండునేమోయని ఆనాడు మేము క్షణమైనను తలంపలేదు. కోరిన కథ దొరికియుండినచో ఈ తలంపు మాకు దొరకియుండదు.

ఆ సంవత్సరము అభిమానుల కోపము హద్దు మీరినది. మార్కులు సేకరించు మెటాక్రిటిక్ అను చోట, ఇరువది గంటలకు పైబడి ఆడవలసిన ఆటకు, విడుదలైన కొద్ది గంటలలోనే వేల సున్నలు పడినవి. ఆ జూలైలోనే మెటాక్రిటిక్ వారు, విడుదలైన తొలి 36 గంటలు ఆటగాండ్ర అభిప్రాయములు స్వీకరింపమని నియమము పెట్టిరి. అబ్బీ పాత్రకు గొంతు నిచ్చిన నటి లారా బెయిలీని చంపుదుమని బెదిరింపులు వచ్చినవి. పాత్ర చేసిన పనికి నటిని దండింపగోరుట, దుశ్శాసన వేషము కట్టినవానిని వీథిలో నిలిపి కొట్టుట వంటిది.

అయితే కొన్నవానికి హక్కులే లేవని మేమనము. వ్యాపారము చేయువారము గావున, మేము ఫిర్యాదులను మూడు తెగలుగా విడదీయుదుము.

మొదటిది సరకులో లోపము. 2020 డిసెంబరులో విడుదలైన "సైబర్‌పంక్ 2077" పాత యంత్రములపై సరిగా నడువలేదు. సోనీ వారు దానిని తమ అంగడినుండి తీసివేసి, కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. ఇది న్యాయము. చిరిగిన చీరను మార్చియియ్యని వర్తకుడు వర్తకుడు కాడు.

రెండవది ఇచ్చిన మాట తప్పుట. 2007, 2010, 2012 సంవత్సరములలో మూడు భాగములుగా వచ్చిన "మాస్ ఎఫెక్ట్"లో, మీ నిర్ణయములనుబట్టి కథ మారునని కెనడాలోని బయోవేర్ వారు చెప్పియుండిరి. తీరా చివర మూడు దారులు చూపిరి. అవి ఇంచుమించు ఒకదానివలెనే మరియొకటి యుండెను. అభిమానులు నాలుగు వందల చిన్న కేకులు పంపిరి. పైపూత ఎరుపు, ఆకుపచ్చ, నీలము. లోపల రుచి మాత్రము ఒక్కటే. పిల్లలకు సాయపడు ఒక దాతృసంస్థకు 80 వేల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి తమ మాట వినిపించిరి. బయోవేర్ వారు ఆ జూన్‌లో, మూల కథను మార్చకయే, ముగింపును విస్తరించి ఉచితముగా ఇచ్చిరి. అడుగుట ఎట్లో, ఇచ్చుట ఎట్లో దీనినుండి నేర్చుకొనదగును. నాటీ డాగ్ వారును ఈ విషయమున నిర్దోషులు కారు. ఆటలో వేరొకడు పలుకు మాటను ప్రచార చిత్రమున జోయెల్ పలికినట్లు చూపిరి. నమూనా ఒకటి, సరకు ఒకటి అగుట మాకు సమ్మతము కాదు.

మూడవది, కథ మనము కోరినట్లు లేకపోవుట. దీనికి పరిహారము లేదు. నచ్చలేదని చెప్పవచ్చును, కారణములతో వాదింపవచ్చును. మార్చి వ్రాయుమని శాసింపరాదు.

ఇంతవరకు వ్రాసి, మా తప్పును దాచుట ధర్మము కాదు. నిరుడు మన సంఘమునందలి యొక యువకుడు ఉగాదికి ఒక నాటిక వ్రాసి తెచ్చెను. అవ్వ చనిపోయిన పిమ్మట ఆమె పెట్టెలో తెలుగు ఉత్తరముల కట్ట దొరకును. మనుమనికి ఆ అక్షరములు రావు. తుదకు వాటిని పాత కాగితములవానికి తూకమునకు వేయును. అంతటితో తెర పడును. పండుగనాడు ఇట్టి ముగింపా యని మేము, కార్యవర్గమువారు అందరము అభ్యంతరము చెప్పితిమి. మనుమడు అక్షరములు నేర్చి ఉత్తరములు చదువునట్లు మార్చుమంటిమి. "అన్నా, ఆ పిల్లవాడు చదవలేడు. చదివినట్లు రాస్తే మనము సంతోషిస్తాము, అంతే" అని చెప్పి, ఆ యువకుడు వ్రాతప్రతిని తీసికొని వెడలిపోయెను. ఆనాడు మేమును మూడు గంటలు ఆడి సున్న వేసినవారమే.

ఆంధ్ర నాటక పితామహులని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఈ బళ్ళారిలోనే న్యాయవాదిగా నుండి నాటకములు వ్రాసిరి. నాటకము శుభముగానే ముగియవలెనని సంప్రదాయము శాసించుచుండిన కాలమున వారు "విషాద సారంగధర"ను వ్రాసిరి. తెలుగున తొలి విషాదాంత నాటకమని దానికి పేరు. ఆనాటి పెద్దలు మావలె అడ్డుపడి, వారు లోబడియుండినచో, నేడు మనము చెప్పుకొనుటకు ఆ కీర్తి యుండెడిది కాదు.

మరియొక మాట. మన బిడ్డలు ఇంత గాఢముగా అనుభవించుచున్న ఆ ఆటలో తెలుగు మాట ఒక్కటియు లేదు. దుఃఖమైనను, కోపమైనను వారికి ఇంగ్లీషుననే అందుచున్నది. మన మధ్యనుండి తెలుగున కథ వ్రాయుటకు వచ్చినవానిని మేము ముగింపు నెపమున పంపివేసితిమి. కథలు లేని భాషను పిల్లలు ఎందులకు నేర్తురు?

మావాడు తరువాత ఆటను పూర్తిచేసెను. జోయెల్ చావు వానికి ఇప్పటికిని నచ్చలేదు. కథ మిక్కిలి సాగినదనియు, ఆ మూడు దినములనే రెండుసార్లు చెప్పిరనియు వాని ఆక్షేపణ. సున్నను ఆరు చేసెను. మేము ఎనిమిది వేసితిమి. తగవు ఇంకను తీరలేదు. తీరవలసిన పనియు లేదు.

వచ్చు కార్యవర్గ సమావేశమున ఆ నాటికను రాబోవు ఉగాదికి ఒక్క అక్షరము మార్చక ప్రదర్శింపవలెనని మేము ప్రతిపాదింపనున్నాము. అంతకుముందే ఆ యువకుని యింటికి పోయి, తప్పు ఒప్పుకొని వ్రాతప్రతిని అడుగుదుము. సభ్యులు కుటుంబసమేతముగా వచ్చి తెర పడువరకు కూర్చుండి చూడవలెనని మా మనవి. నచ్చనివారు తమ కారణములను ఈ పత్రికకే వ్రాయవచ్చును.